మగ్గం దిగాక వచ్చిన దొరతనం

సభకు నమస్కారం. దారానికి ముందే చిటికి కట్టి, అంటే అక్కడక్కడ బిగించి కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసేది ఇక్కత్. అది ఎలా నేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు వరుసల్లో కూర్చున్నవాళ్ళలో సగం మందివి చిటికి కట్టిన చేతులే. కాబట్టి నేను మగ్గం దగ్గర మొదలుపెట్టను. బట్ట మగ్గం దిగి ఒకరి భుజం మీదికి ఎక్కిన దగ్గర మొదలుపెడతాను. ఎవరి భుజం మీదికి ఎక్కింది, ఎవరి మీదికి ఎక్కకూడదన్నారు, ఆ మాట అనే అధికారం ఎవరికి ఉండింది? ఇవాళ నా విషయం ఇంతే.

ఇండోనేసియాలో, బాలికి తూర్పున సుంబా అనే దీవి ఉంది. ఎండిన గడ్డి కొండలు, గుర్రాలు, ఊరి నడిమధ్య పెద్ద పెద్ద రాతి సమాధులు. తూర్పు సుంబా సమాజంలో మూడు మెట్లు ఉండేవి. పైన మరంబా, అంటే దొరలు. మధ్యలో కబిహు, స్వతంత్రులైన మామూలు వంశాలవాళ్ళు. కింద అత, అంటే బానిసలు. దొర అంటే మన దగ్గర ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. అదే గుర్తు తెచ్చుకోండి, పెద్ద తప్పేం కాదు. డచ్చి ప్రభుత్వం తన వలస దీవుల్లో బానిసత్వాన్ని 1860లోనే చట్టం మీద రద్దు చేసింది. సుంబా దాకా ఆ చట్టం చేరడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఈ మూడు మెట్లూ కంటికి కనబడేది బట్టలోనే. మగవాళ్ళ పెద్ద దుప్పటిలాంటి వస్త్రాన్ని హింగి అంటారు. జంటగా ఉంటుంది: ఒకటి నడుముకి, ఒకటి భుజం మీదికి. ఆడవాళ్ళది లౌ, గొట్టంలా కుట్టిన లుంగీ. నీలం ఒక్కటే ఉన్న హింగిని హింగి కవురు అంటారు. నీలంతో పాటు ఎరుపూ ఉంటే అది హింగి కొంబు. ఆ ఎరుపు దొరలది. పాత రోజుల్లో బొమ్మలున్న హింగి వేసుకునే హక్కు దొరలకీ, వాళ్ళు సరేనన్న కొద్దిమందికీ తప్ప ఇంకొకరికి లేదు. మామూలు మనిషి సాదా బట్ట కట్టుకోవాలి.

ఒక్క సందర్భంలో మాత్రం బానిస ఒంటి మీదికి దొర బట్ట ఎక్కేది. దొర చనిపోతే శవాన్ని మోకాళ్ళు ముడిచి, కూర్చున్నట్టుగా పెట్టి, బట్టల మీద బట్టలు చుడతారు. పదుల కొద్దీ, గొప్పవాడైతే వందకు పైగా. అంత్యక్రియలకి కావలసిన పశువులు, గుర్రాలు, సమాధి మీది బండరాయి సమకూరేదాకా నెలలు పడుతుంది, ఏళ్ళు కూడా పడుతుంది. చివరికి ఊరేగింపు బయల్దేరినప్పుడు పపంగ్గాంగ్ అనే వాళ్ళు ముందు నడుస్తారు. వీళ్ళు బానిసలే. ఆ రోజు మాత్రం అతి మంచి హింగీలు, అతి మంచి లౌలు, బంగారపు నగలు వీళ్ళ మీద ఉంటాయి. ఒకడు చనిపోయిన దొర గుర్రం ఎక్కుతాడు. దొర ఆత్మతో కలిసి నడుస్తున్నట్టు లెక్క కాబట్టి సొమ్మసిల్లి పడిపోతుంటారు, పక్కవాళ్ళు పట్టుకుంటారు. నాకు ఈ దృశ్యంలో కనబడేది ఒకటే. దొరతనం మనిషి నెత్తుట్లో ఉందని ఆ సమాజం గట్టిగా చెప్పేది. కానీ ఆ దొరని లోకానికి చూపించాల్సిన రోజున బట్ట తీసుకెళ్ళి బానిసకి కడితే పని జరిగిపోయేది. అంటే లోపల ఎక్కడో వాళ్ళకీ తెలుసు, ఆ గొప్పతనం బట్టలో ఉందని.

అసలు ఎరుపే ఎందుకు? ఇది మీరు బాగా అర్థం చేసుకునే సంగతి, కాబట్టి కొంచెం ఆగుతాను.

సుంబా వాళ్ళది పడుగు చిటికి మాత్రమే, అంటే నిలువు దారాలకే కట్లు. పేక, అంటే అడ్డదారం, సాదా నూలు. మగ్గం అంటే నడుముకి పట్టీ వేసుకుని కూర్చునే మగ్గం, స్తంభాలూ గుంటా ఏమీ ఉండవు. మన దగ్గర సైకిల్ ట్యూబు ముక్కలతో కట్టినట్టు వాళ్ళు ఒక రకం తాటిజాతి ఆకు చీలికలతో పడుగుని కడతారు. ముందు నీలిమందులో ముంచుతారు. తర్వాత కొన్ని కట్లు విప్పి ఎరుపులో ముంచుతారు. నీలం మీద ఎరుపు పడ్డ చోట నలుపు తిరిగిన గోధుమ రంగు వస్తుంది. హింగి రెండు పలకల్ని మధ్యలో కుట్టి చేస్తారు. జంటకి నాలుగు పలకలు కావాలి. ఆ నాలుగింటి పడుగూ ఒకదాని మీద ఒకటి పరిచి కలిపే కడతారు, అందుకే జంటలో రెండూ అచ్చు ఒకేలా ఉంటాయి. నేత అయ్యాక కొసల దారాలు ఊడిపోకుండా అడ్డంగా ఒక పట్టీ వేరే నేసి బిగిస్తారు, కబకిల్ అంటారు. బొమ్మల మీద అక్కడక్కడ పసుపు రంగు చేత్తో అద్దుతారు.

ఇప్పుడు ఎరుపు. అది తొగరు చెట్టు వేరు నుంచి వస్తుంది. ఈమధ్య సీసాల్లో పోసి నోని రసం అని అమ్ముతున్నారే, ఆ చెట్టే. వేళ్ళు తవ్వి, బెరడు తీసి, దంచాలి. కానీ నూలు ఆ ఎరుపుని ఊరికే పట్టుకోదు. ముందు నూలుని కెమిరి గింజల నూనెలో నానబెట్టాలి. తర్వాత లోబా అనే చెట్టు ఆకూ బెరడూ కలపాలి. ఆ చెట్టు నేలలోంచి అల్యూమినియం పీల్చుకుని ఆకుల్లో దాచుకుంటుంది, అంటే ఊరికే పెరిగే పటిక, నూలుకి రంగు పట్టించేది. ముంచడం, ఆరబెట్టడం, మళ్ళీ ముంచడం. ఒకసారికి వచ్చేది లేత గులాబీ. దొరకి కావలసిన ముదురు ఎరుపు రావాలంటే పదే పదే ముంచాలి. వానాకాలంలో నీలి ఆకు, ఎండాకాలంలో వేరు. ఒక మంచి కొంబు పూర్తయ్యేసరికి ఏడాది దాటడం మామూలు, రెండు మూడేళ్ళు పట్టినవీ ఉంటాయి.

ముందు నూనె, తర్వాత ఎరుపు అనగానే ఇక్కడ కొందరు తల ఊపారు. అవును, మన దగ్గర నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలుదీ అదే కిటుకు. ఆముదం కాయల బూడిద నీళ్ళు, నూనె కలిపి నూలుని రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, ఆ తర్వాత ఎరుపు ఎక్కిస్తాం. యూరప్‌లో టర్కీ ఎరుపు అని పేరు పెట్టుకున్నదీ ఈ పద్ధతే. సముద్రానికి ఆ పక్కవాళ్ళూ ఈ పక్కవాళ్ళూ ఒకే రసాయనం కనిపెట్టారు. పక్కపక్కన పెడితే పని దాదాపు ఒకటే, హోదా మాత్రం పొంతన లేదు. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఎరుపు ఖరీదంటే వేరు ఖరీదు కాదు, కాలం ఖరీదు. ఏడాది పాటు పొలం పనీ వంట పనీ ఇంకెవరో చేస్తుంటేనే ఒక ఆడమనిషి కూర్చుని ఒక బట్ట మీద ఏడాది పెట్టగలదు. సుంబాలో ఆ ఇంకెవరో ఉన్నది దొరల ఇళ్ళలోనే. అందుకే మంచి బట్టలు దొరల ఇళ్ళలోనే పుట్టాయి. నమూనాలు దొరసానుల దగ్గరే ఉండేవి, తల్లి నుంచి కూతురికి వెళ్ళేవి. చెమటలో పెద్ద భాగం ఇంటి బానిస స్త్రీలది. నీలి కుండల దగ్గరికి మగవాళ్ళు రాకూడదు. గర్భిణులు రాకూడదు. నీలి పులిసిన వాసనని వాళ్ళు శవం వాసనతో పోల్చుకుంటారు. కుండ విరిగిపోతే, అంటే రంగు తిరగకపోతే, అది గర్భం పోవడంలాంటిదని నమ్మకం. ఇలాంటి నిషేధాల్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం తేలిక. నా మటుకు నాకు ఇందులో సగం వ్యాపార రహస్యం. రంగు ఎలా తిరుగుతుందో తెలిసినవాళ్ళ సంఖ్య తక్కువగా ఉంటేనే ఆ రంగుకి విలువ.

ఇక బొమ్మలు. మొసలి, తాబేలు: ఇవి పాలకుడి గుర్తులు. గుర్రం సంపద. 19వ శతాబ్దంలో సుంబా గుర్రాలు ఓడల కొద్దీ ఎగుమతి అయ్యేవి, దొరలకి డబ్బు వచ్చింది అక్కడి నుంచే. మములి అనే బంగారు నగ బొమ్మ ఉంటుంది. పెళ్ళిలో మగపెళ్ళివారు మములీలూ గుర్రాలూ ఇవ్వాలి, ఆడపెళ్ళివారు బట్టలు ఇవ్వాలి. కొమ్మలకి పుర్రెలు వేలాడే చెట్టు బొమ్మ ఇంకొకటి, దాన్ని అండుంగ్ అంటారు. యుద్ధంలో నరికి తెచ్చిన తలల్ని నిజంగానే దొర ఇంటి ముందు చెట్టుకి వేలాడదీసేవాళ్ళు. తర్వాత్తర్వాత డచ్చి నాణేల మీది సింహం కూడా ఎక్కింది, చీనా పింగాణీ మీది డ్రాగన్ కూడా ఎక్కింది. దొరకి ఎవరి అధికారం నచ్చితే వాళ్ళ గుర్తు తెచ్చి తన ఒంటి మీద వేసుకున్నాడు. ఇందులో మొహమాటం ఏమీ లేదు.

వీటన్నిటికంటే పైది, అత్యున్నత దొరలకి మాత్రమే అని అట్టిపెట్టినది, ఒక పువ్వుల జాలీ నమూనా. పేరు పటోలా రతు. రతు అంటే రాజు. పటోలా అంటే మీకు తెలుసు. గుజరాత్ పటోలానే.

ఇక్కడ కథ మన దేశానికి మళ్ళుతుంది. గుజరాత్‌లోని పాటణ్‌లో సాల్వీలు అనే నేతవాళ్ళు నేసే పట్టు పటోలా పడుగూ పేకా రెండూ కట్టి రంగు వేసే జంట ఇక్కత్. వాలుగా ఒక పక్కకి వంచిన మగ్గం మీద ఇద్దరు కూర్చుని నేస్తారు. కొన్ని అంగుళాలు నేసి, సూదితో దారాల్ని సర్ది, మళ్ళీ నేస్తారు. ఒక చీరకి ఆరు నెలలు, అంతకు పైన. 12వ శతాబ్దంలో కుమారపాలుడనే సోలంకి వంశపు రాజు జాల్నా నుంచి 700 సాల్వీ కుటుంబాల్ని పాటణ్‌కి తెచ్చాడని కథ. కథ ఇంకా రుచిగా ఉంటుంది. జాల్నా రాజు పటోలాల్ని ముందు తన మంచం మీద దుప్పటిగా పరిచి వాడి, ఆ తర్వాతే బయటికి పంపేవాడట. అలా ఎంగిలైన బట్టతో పూజ చేయడమా అని కుమారపాలుడికి కోపం వచ్చిందట. చరిత్రగా దీన్ని ఎంత నమ్మాలో మీ ఇష్టం. కానీ ఎవరు ముందు వాడారన్న దాంట్లో హోదా ఉందన్న తెలివి మాత్రం ఆ కథ చెప్పినవాళ్ళకి ఉంది.

పటోలా గుజరాత్‌లో రాజులకి మాత్రమే పరిమితమైనది కాదు. నాగర బ్రాహ్మణులు, జైనులు, వోహ్రా ముస్లిం వ్యాపారులు పెళ్ళిళ్ళకి కట్టేవాళ్ళు. వోహ్రాల కోసం ప్రత్యేకంగా ఒక నమూనాయే ఉంది. డబ్బుంటే కట్టుకోవచ్చు. నిషేధం లేదు. అదే బట్ట ఓడెక్కి మలక్కా దాటగానే రాజ లాంఛనం అయిపోయింది. 16వ శతాబ్దం మొదట్లో పోర్చుగీసు రచయితలు తూర్పు దీవులకి వెళ్ళే సరుకుల్లో పటోలా పేరు రాశారు. 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ పుట్టింది, కొన్నేళ్ళకే సూరత్‌లో కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టింది. వాళ్ళకి కావలసినవి లవంగాలు, జాజికాయ, మిరియాలు. దీవుల రాజులకి బంగారం మీద మోజు తక్కువ, బట్ట మీద ఎక్కువ. కంపెనీ పటోలాని తన గుప్పిట్లో పెట్టుకుని, తమతో ఒప్పందం చేసుకున్న రాజులకీ నాయకులకీ కానుకగా ఇవ్వడం మొదలుపెట్టింది. దొరికేది రాజుకే కాబట్టి రాజుల బట్ట అయింది. ఎంత సులువో చూడండి. ఏ శాసనమూ అక్కర్లేకపోయింది, సరఫరా బిగబడితే చాలు.

అక్కడి నుంచి ఏమేం జరిగిందో ఒక్కో దీవిది ఒక్కో తీరు. జావాలో యోగ్యకర్త, సురకర్త రాజాస్థానాల్లో పటోలాని చిందే అన్నారు. సుల్తానులూ రాజవంశీకులూ దాంతో పైజామాలు కుట్టించుకున్నారు. చీరగా నేసిన బట్టతో లాగు! సాల్వీలకి తెలిస్తే ఏమనుకునేవాళ్ళో. [సభలో నవ్వులు] రోటె దీవిలో పాలక వంశాలు పటోలా పువ్వుల్ని తమ ఇక్కత్‌లో నకలు చేసి, ఆ నమూనా తమదే అని కట్టడి చేశారు. లెంబాత దీవిలో కొన్ని వంశాల దగ్గర పటోలా ఇంటి నిధి. ఏనుగుల బొమ్మలతో, పైన మావటులు, చుట్టూ రథాలతో ఉన్న పెద్ద పటోలాలు కొన్ని ఉన్నాయి, అయిదు మీటర్ల దాకా పొడవు. అవి ఇండోనేసియా కోసమే నేసినవి. ఏనుగులు లేని దీవుల్లో ఆ ఏనుగు బట్టని పైకప్పు కింద బుట్టలో పెట్టి తరతరాలు కాపాడారు.

ఇంకా వింత ఏమిటంటే, అసలు పటోలా చాలనప్పుడు గుజరాత్ అద్దకందార్లు నూలు బట్ట మీద అచ్చులతో పటోలా నకలు కొట్టి పంపారు. ఇక్కత్ అంచులు ఎలా అలికినట్టు ఉంటాయో అచ్చం అలాగే చెక్క అచ్చు చెక్కి మరీ. ఆ నకళ్ళూ కొన్ని దీవుల్లో పవిత్ర వస్త్రాలు అయ్యాయి. అంటే జంట ఇక్కత్ నేత ఎంత కష్టమో ఆ రాజుకి పట్టలేదు. సముద్రం మీద నుంచి వచ్చింది, ఎదుటివాడి దగ్గర లేదు. అంతే కావలసింది.

ఇక పాటణ్‌లో ఆ సాల్వీ? అతని నేత మీద ఒక దీవిలో సింహాసనం నిలబడిందని అతనికి తెలిసే దారే లేదు. బట్టకి వచ్చిన హోదాలో పిసరంత కూడా వెనక్కి ఓడెక్కి రాలేదు. 1799 చివర కంపెనీ మూతపడింది. 19వ శతాబ్దంలో ఆ గిరాకీ సన్నగిల్లింది. ఇవాళ పాటణ్‌లో ఆ పని తెలిసిన కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు తేలియా. దీన్ని కావాలనే సుంబా తర్వాత, పటోలా తర్వాత పెట్టుకున్నాను. చీరాలలో పుట్టి, తర్వాత నల్లగొండ వైపు పుట్టపాకలో నిలదొక్కుకున్న ఈ రుమాలు కూడా జంట ఇక్కతే. నూనె పద్ధతి చెప్పాను కదా. ఎరుపుకి మొదట్లో చిరువేరు అనే మొక్క వేరు. 1860ల చివర్లో జర్మనీలో అలిజరిన్ అనే ఎర్ర రంగుని ప్రయోగశాలలో తయారుచేయడం కనిపెట్టాక ఆ పొడి. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. చిన్న చిన్న చదరాలు, అంచు పట్టీ. కష్టం ఎంతో మీకు తెలుసు. మరి కట్టుకున్నది ఎవరు? బెస్తలు లుంగీగా కట్టారు. పశువుల కాపర్లు తలకి చుట్టారు. ఎండకి, దుమ్ముకి నూనె బట్ట చలవ. ఓడెక్కి అరబ్ దేశాలకి, తూర్పు ఆఫ్రికాకి, బర్మాకి వెళ్ళింది, తలపాగాలుగా చుట్టుకున్నారు. అదే రుమాలు హైదరాబాద్‌లో నిజాం అంతఃపుర స్త్రీల భుజాల మీద ఓణీగా కూడా ఉంది. బెస్తవాడి నడుముకీ బేగం భుజానికీ ఒకే బట్ట!

సుంబా ఎరుపూ తేలియా ఎరుపూ ఒకే రకం రసాయనం అన్నాను. ఒకటి దొర తప్ప కట్టకూడదు. ఇంకొకటి వల లాగే మనిషి తడిపి, పిండి, ఎండేసుకున్నాడు. రెండింట్లో ఏది గొప్ప నేత అని అడిగితే, సాంకేతికంగా తేలియానే. సుంబాది పడుగు ఒక్కటే, మనది పడుగూ పేకా కలవాలి. కాబట్టి కష్టం వల్ల హోదా వస్తుందన్న మాట నిలబడదు. చీరాల నేతగాడు సరుకు బజారుకి నేశాడు. కొనగలిగినవాడు కొన్నాడు. వద్దని చెప్పే దొర మధ్యలో లేడు. తేలియాకి రాజముద్ర పడకపోవడం దాని లోటని కొందరు బాధపడుతుంటారు. నాకైతే అదే దాని అందం. 1930ల ప్రాంతంలో తేలియాల మీద విమానాలు, గడియారాలు, గ్రామఫోన్లు నేశారు. దొరల కట్టడిలో ఉన్న బట్ట మీద విమానం ఎక్కాలంటే దొర అనుమతి కావాలి. బజారు బట్ట మీద నేసేవాడికి సరదా పుడితే చాలు.

బుఖారా గురించి రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. అది చాలామందికి తెలిసిన కథే. మధ్య ఆసియాలో 19వ శతాబ్దంలో అక్కడి పాలకుడైన అమీరు ఇక్కత్ పట్టు అంగీల్ని కానుకగా ఇచ్చి మనుషుల్ని తన వాళ్ళని చేసుకునేవాడు. దర్బారుకి వచ్చేటప్పుడు ఒకదాని మీద ఒకటి అంగీలు తొడుక్కొచ్చేవాళ్ళు, ఎన్ని పొరలుంటే అంత హోదా. నీలి కుండలు ఎక్కువగా యూదుల చేతుల్లో ఉండేవి, ఎరుపూ పసుపూ వేడి రంగులు తాజిక్‌ల చేతుల్లో. 1920లో అమీరు పారిపోయాడు. తర్వాత సోవియట్ మిల్లుల్లో అదే నమూనా ఆడపిల్లలందరి గౌను అయింది.

దానికంటే ఒకినావా కథ చెప్పాలి, ఎందుకంటే అది మనకి దగ్గరగా తగులుతుంది. ఇవాళ జపాన్‌లో భాగమైన ఆ దీవులు ఒకప్పుడు ర్యూక్యూ రాజ్యం. 1609లో దక్షిణ జపాన్‌లోని సత్సుమా ప్రభువులు దాడి చేసి దాన్ని లొంగదీసుకున్నారు. కప్పం కట్టాలి. ఆ భారాన్ని రాజ్యం చివరి దీవులైన మియాకో, యయెయామా మీద వేసింది: 1637 నుంచి తలపన్ను. ఆడవాళ్ళు దాన్ని బట్ట రూపంలో కట్టాలి. ఆస్థాన చిత్రకారులు ఇక్కత్ నమూనాల్ని పుస్తకాలుగా గీసి దీవులకి పంపేవాళ్ళు. రామీ అనే మొక్క నారని వెంట్రుకంత సన్నగా వడికి, ఆ నమూనా తప్పకుండా కట్టి, నేసి పంపాలి. తప్పితే వెనక్కి. ఆ బట్టలు రాజధానిలోని షురి కోటలో రాజవంశీకులు వేసుకున్నారు, మిగతావి సత్సుమాకి వెళ్ళాయి. నేసిన ఆడమనిషి ఒంటి మీద మాత్రం అరటిజాతి నారతో చేసిన ముతక బట్ట. ఈ పన్ను 1903 దాకా నడిచింది. మియాకో బట్టని ఇవాళ ప్రదర్శనశాలల్లో అద్దాల వెనక పెట్టి సౌకుమార్యం అని మెచ్చుకుంటారు. మెచ్చుకోండి, నేనూ మెచ్చుకుంటాను. కానీ పక్కన పెట్టే పలకలో తలపన్ను అన్న మాట కూడా రాయాలి.

తేలియాని పక్కన పెడితే, ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకే దిక్కున ఉన్నాయి. నేసేది ఒకరు, గొప్పవాడయ్యేది ఇంకొకరు. ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వస్తాను.

బోర్నియో దీవిలో, మలేసియాకి చెందిన సరావాక్‌లో, ఇబాన్ అనే జనం ఉన్నారు. వాళ్ళ ఇక్కత్ దుప్పటి పేరు పువా కుంబు. వీళ్ళ ఎరుపూ తొగరు వేరే. ఇబాన్ మగవాళ్ళు ఒకప్పుడు తలలు నరికి తెచ్చే యోధులు. తెచ్చిన తలని ఆడవాళ్ళు పువా మీద పట్టి అందుకునేవాళ్ళు. మగవాడికి తల ఎలాగో, ఆడదానికి పువా అలాగ. నూలుకి ఎరుపు పట్టేలా అల్లం, ఉప్పు, నూనె పాళ్ళు కలిపి నూలుని సిద్ధం చేసే క్రతువుని ఙార్ అంటారు. దాన్ని ఆడవాళ్ళ యుద్ధయాత్ర అని పిలిచేవాళ్ళు. మాటవరసకి కాదు. ఆ పాళ్ళు తెలిసి, దేవతల అనుగ్రహంతో ఙార్ నడిపించగలిగిన స్త్రీకి ఒక బిరుదు ఉంది: ఇందు తకార్ ఇందు ఙార్. నేతగత్తెల మెట్లలో అది పై మెట్టు. పుట్టుకతో రాదు, మొగుడి హోదాతో రాదు, కొనుక్కుంటే రాదు. నమూనా కలలో రావాలి, చేతిలో పని ఉండాలి. కొన్ని నమూనాలు ఎంత ప్రమాదకరమంటే, అంత శక్తి లేని స్త్రీ వాటిని నేస్తే జబ్బు చేస్తుందని, ప్రాణం పోతుందని నమ్మకం. ఇక్కడా నిషేధం ఉంది, చూడండి. కానీ కట్టుకునేవాళ్ళ మీద కాదు, నేసేవాళ్ళ మీద. ఈ నేతకి నువ్వు సరిపోతావా అని అడిగే నిషేధం అది.

ఇబాన్‌ని ఆదర్శ సమాజంగా చూపించడం నా ఉద్దేశం కాదు. తలలు నరికేవాళ్ళు, నరికించేవాళ్ళు. నేను చూపించేది ఒక్కటే. అదే వేరు, అదే ఎరుపు, అదే కట్టు. దాని చుట్టూ మనుషులు పెట్టుకున్న నియమం మారితే హోదా చేతులు మారింది. సుంబాలో తొడుక్కున్నవాడికి, జావాలో దిగుమతి చేసుకోగలిగినవాడికి, ఒకినావాలో పన్ను వేయగలిగినవాడికి. సరావాక్‌లో నేసిన మనిషికి.

మన దగ్గర ఈమధ్య చిన్న కదలిక ఉంది. పుట్టపాక నేతకారులు గజం గోవర్ధన్ గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆసు, అంటే చిటికి కట్టే ముందు దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి మేకుల చుట్టూ పోసే పని, దానికి యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో. బట్టకి కాక పేరున్న మనిషికి గౌరవం రావడం నేత చరిత్రలో చాలా కొత్త సంగతి. సుంబాలో, పాటణ్‌లో, మియాకోలో వందల ఏళ్ళ బట్టలు ఉన్నాయి, నేసినవాళ్ళ పేర్లు లేవు. మల్లేశం గారి యంత్రం ఇంకో రకంగా కూడా ముఖ్యం. ఆసు పోసే చెయ్యి ఎవరిది? ఇంట్లో ఆడమనిషిది. ఆమె భుజం నొప్పిని లెక్కలోకి తీసుకున్న మొదటి బిరుదు అది అనుకుంటాను నేను.

నా మాటలు ఇంతటితో అయిపోయాయి. ప్రశ్నలుంటే అడగండి.

[ప్రశ్న: ఇప్పుడు సుంబాలో ఎవరైనా ఎర్ర హింగి కట్టుకోవచ్చా?]

కట్టుకోవచ్చమ్మా. 19వ శతాబ్దం చివర్లోనే డచ్చివాళ్ళు ముచ్చటపడి హింగీలు కొనడం మొదలుపెట్టారు, జావాకీ హాలండ్‌కీ వెళ్ళాయి. అమ్మితే డబ్బు వస్తుందని తెలిశాక ఎవరు నేయాలన్న కట్టడి ముందు సడలింది, ఎవరు కట్టాలన్నది ఆ తర్వాత. చిత్రమేమిటంటే దాన్ని సడలించింది కూడా చాలావరకు దొరల ఇళ్ళే, లాభం మొదట వాళ్ళకే కాబట్టి. ఇవాళ రసాయన రంగులతో వారాల్లో నేసినవి వైంగపు పట్టణంలో ఎవరైనా కొనుక్కోవచ్చు. రెండె, కలియుద లాంటి ఊళ్ళలో వేరు ఎరుపుతో నేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పెళ్ళికో చావుకో ఏ ఇంటి నుంచి ఏ రకం బట్ట వచ్చిందన్నది మాత్రం అందరూ చూస్తారు, గుర్తుపెట్టుకుంటారు.

[ప్రశ్న: మన ఇక్కత్‌కి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, ఉంది కదా సర్, మరి ప్రింట్ చేసి అమ్మేవాళ్ళని ఆపలేకపోతున్నాం ఎందుకు?]

జీఐ కాపాడేది పేరుని. పోచంపల్లి అని పేరు పెట్టి అక్కడ నేయనిది అమ్మితే తప్పు. 2020లో పుట్టపాక తేలియాకి వచ్చినదీ అదే రక్షణ. కానీ ఆ చదరాల్ని మిల్లు బట్ట మీద అచ్చు కొట్టి, ఏ ఊరి పేరూ పెట్టకుండా ఇక్కత్ ప్రింట్ అని అమ్మితే జీఐ అక్కడికి చేరదు. కొనేవాళ్ళకి నేను చెప్పేది చిన్న పని: బట్ట తిరగేసి చూడండి. దారానికే రంగు వేసింది కాబట్టి ఇక్కత్‌లో బొమ్మ రెండు పక్కలా ఒకే ముదురులో ఉంటుంది. అచ్చు అయితే వెనక పాలిపోతుంది. తర్వాత అంచు దగ్గర ఒక దారం లాగి చూడండి. దారం పొడవునా రంగు మారుతూ పోతే, మారిన చోట కొంచెం అలికినట్టు ఉంటే, అది ఎవరో కూర్చుని కట్టిన దారం. గుజరాత్ అచ్చు పటోలా దీవుల రాజుల్ని మోసం చేసిందంటే నేను నమ్మను, వాళ్ళు తెలిసే తీసుకుని ఉంటారు. మీ కొట్టుకి వచ్చే మనిషి తెలిసి అచ్చు కొనుక్కుంటే నాకు అభ్యంతరం లేదు. నేత ధర తీసుకుని అచ్చు చేతిలో పెట్టకుండా ఉంటే చాలు. కాబట్టి అమ్మే దగ్గర రెండూ పక్కపక్కనే పరిచి, తిరగేసి చూపించండి.